ఉత్తరానికి మంగళవారం

నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో పొద్దున నడిచే పది మంది లడఖ్ వెళ్లాలనుకున్నారు. నాయకత్వం వామన్‌రావుది. ఆయన ఎక్కిన కొండల్లో ఎత్తయినది తిరుమల, అదీ బస్సులో. ఆబిడ్స్‌లో తన బట్టల దుకాణం పైగదిలో గోడకు మ్యాప్ అంటించి, పదిహేడు వేల అడుగుల కనుమను స్కేలుతో కొలిచి, రెండు గంటల దారి అన్నాడు.

మొదటి ప్లాను ప్రకారం మంగళవారం విమానం. లేహ్‌లో రెండు రోజులు విశ్రాంతి, తర్వాత కనుమలు. ఆ రెండు రోజులు లక్ష్మణరావు కోసం. జనవరిలో ఆయన గుండెకు స్టెంటు వేశారు. విశ్రాంతి లేకపోతే వెళ్లొద్దని డాక్టరు రాసిచ్చాడు.

ప్రయాణం తొమ్మిది రోజులుందనగా, ఆదివారం వామన్‌రావు పంచాంగం తెరిచాడు. మంగళ, బుధవారాలు ఉత్తరానికి వారశూల, ప్రయాణం పనికిరాదు. గురువారం వెళ్దామన్నాడు. తిరుగు టికెట్లు కొనేశారు కాబట్టి విశ్రాంతి రోజులు రెండూ కొట్టేశాడు.

దారి చూపడానికి పిలిచిన రాజేందర్ ఆ కొండల్లో ఏడేళ్లు ఆర్మీ లారీ నడిపాడు. దిగిన రోజే పైకి తీసుకుపోతే ఊపిరి అందదని చెప్పాడు.

"నువ్వు డ్రైవర్‌వా, డాక్టర్‌వా? మేం రోజు ఆరు రౌండ్లు కొడ్తం," అన్నాడు వామన్‌రావు.

"గాడ గాలే ఉండదు సార్. రౌండ్లు ఎవలకు జూపిస్తరు?"

గురువారానికి సరేనంటే చేతులెత్తమని వామన్‌రావు అందరినీ అడిగాడు. ఎత్తారు. లక్ష్మణరావు కూడా ఎత్తాడు. ఆయన భార్య శేషారత్నం ఆ చేతిని చూసింది.

"ప్రస్థానం పెడితే సరిపోతుందిగా అన్నయ్యగారూ," అంది. మంచిరోజున సామాను వేరే ఇంట్లో పెడితే ప్రయాణం మొదలైనట్టే, తర్వాత ఏ వారం కదిలినా దోషం లేదు. "వచ్చే ఆదివారం రాజేందర్ ఇంట్లో పెడదాం. లక్డీకాపూల్ మనకు ఉత్తరమే."

వామన్‌రావు పేజీలు తిప్పాడు. కాదనడానికి ఏమీ దొరకలేదు.

"డ్రైవర్ ఇంట్ల ప్రస్థానమా? నా సంచి గాడ వెట్ట," అన్నాడు. మిగతా ఏడుగురు తలూపారు. రాజేందర్ అక్కడే నిలబడి ఉన్నాడు. అతనికి కుర్చీ వేయలేదు.

ఇంటికి వెళ్తూ లక్ష్మణరావు, అందరితో కలిసి పోకపోతే బాగుండదన్నాడు.

"అందరితో పోతే వాళ్లు మిమ్మల్ని మోసుకురావాలి. అదీ బాగుండదు," అంది శేషారత్నం.

తర్వాతి ఆదివారం ఆయనే సూట్‌కేసు తీసుకుని లక్డీకాపూల్ వెళ్లాడు. రాజేందర్ దాన్ని మంచం కింద పెట్టి, మంగళవారం దిగినాక లేహ్‌లో రెండు దినాలు మంచం దిగనివ్వనని చెప్పాడు. మిగతావాళ్ల సంగతేమిటని లక్ష్మణరావు అడిగాడు.

"గురువారం వస్తరు సార్. మీరు లేచే యాల్లకు గాళ్లు పండుకుంటరు."