చేపలకు పొగ

గురువమ్మ ఊదుగొట్టంతో తడికట్టెలను మండించే పాట్లు పడుతుంటే గుమ్మంలోంచి గ్రామసేవిక పిలిచింది. "దీదీ, పొయ్యి పగలగొట్టుకున్న ఇళ్లకి సర్కారు మళ్లీ కట్టిస్తాదంట. చాహియే క్యా, కావాలా?"

రెండేళ్ల కిందట ఈ వంటింట్లోనూ పొగలేని పొయ్యి కట్టారు. పొగంతా కప్పు మీది గొట్టంలోంచి సముద్రం వైపు పోయేది. అన్నం ఉడుకుతున్నంతసేపూ కళ్లు తెరుచుకుని ఉండొచ్చని గురువమ్మకు అప్పుడే తెలిసింది. తాను కాపురానికి వచ్చిన నాటి నుంచీ దగ్గుతున్న అత్త కాళమ్మ, పొయ్యి పక్కనే పీట వేసుకుని బియ్యంలో రాళ్లు ఏరేది. ఒకనాడు ఏదో పాట కూడా ఎత్తుకుంది. మొదటి చరణం పాడి, సిగ్గుపడి ఆపేసింది. ఆవిడకు పాటలు వచ్చని కొడుకు లక్ష్ముడికి కూడా తెలియదు.

తర్వాత వానలు పట్టాయి. ఈ దీవుల్లో వాన పట్టిందంటే నెలల తరబడి చేపలు ఎండవు. పొయ్యి మీద అటకకు వేలాడదీసి పొగ పట్టించాల్సిందే. ఆ ఏడు పొగ లేక చేపలు కుళ్లాయి.

"ఒలే, కళ్లు మండకపోతే రాణివైపోతావేటి? సేపలు పాడైతే ఏటి తింతాం?" అన్నాడు లక్ష్ముడు.

గునపం తెచ్చి ఇచ్చింది మొగుడే అయినా, పొయ్యి పొడిచింది గురువమ్మ. కాళమ్మ మట్టిపెళ్లలు పడకుండా పీట కొంచెం జరుపుకుంది, అంతే. మళ్లీ పాడలేదు. కిందటేడు దగ్గుతూ దగ్గుతూనే పోయింది.

"మాకొద్దు దీదీ! పొగ నేకపోతే మాకు గడవదు," అరుగు మీద వల అల్లుకుంటూ లక్ష్ముడు కేకేశాడు.

గురువమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఎప్పుడూ తుడుచుకునే కళ్లే కాబట్టి అది పొగో ఏడుపో ఇంట్లో ఎవరూ అడగరు. అటక కింద అత్త పీట ఇంకా అక్కడే ఉంది.

"కట్టించు దీదీ," అంది. తర్వాత అరుగు మీదికి వచ్చి నిలబడింది.

"పొగ కావలసింది సేపలకి మావా, మనకి కాదు. పెరట్లో పాకేసి ఆటికి యేరే పొయ్యెట్టు. ఊదడానికి నువ్వే కూకో."

లక్ష్ముడు నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

ఇంతే మాట. గునపం చేతికిచ్చిన రోజునే నోటికి వచ్చి ఉంటే, ఆ పాట రెండో చరణం ఏమిటో గురువమ్మకు తెలిసి ఉండేది.