వెనక సీటు లేని బండ్లు

నిశ్చితార్థం అయిన పిల్లతో ఫోన్లో మగపిల్లవాడు ఏం మాట్లాడాలి? సినిమా గురించి మాట్లాడొచ్చు, ఆ రోజు కట్టిన చీర బాగుందనొచ్చు, ఏమీ తోచకపోతే అన్నం తిన్నావా అనైనా అడగొచ్చు. ఆదోని సుధీర్ మాత్రం ఎమ్మిగనూరు రాజశ్రీతో బండ్ల గురించి మాట్లాడేవాడు. సుధీర్ వాళ్ల ఇంటి వెనక ఒక పాత పత్తి గోడౌను ఉంది. వ్యాపారం మార్కెట్ యార్డు దగ్గరికి మారిపోయాక అది ఖాళీగా పడి ఉంది. దాన్ని బాగు చేయించి ఐదు మోటారు సైకిళ్లు పెట్టుకోవాలని అతని కల. ఐదూ ఐదు రకాల తిరుగుళ్లకు.

"ఊర్లో తిరిగేదానికి ఒక పొట్టి బండి రాజీ. బజార్లో పత్తి ట్రాక్టర్ల సందుల్లో దూరిపోవాల. బళ్లారి రోడ్డు మీద తెల్లారుజామున పోయేదానికి రేసు బండి. ఆలూరు పక్క చేలల్లోకి పోయేదానికి ఎత్తు బండి, నల్లరేగట్లో గూడ ఇరుక్కోగూడదు. గోకర్ణం, కొడగు అట్లా దూరాలు పోయేదానికి ఒకటి. ఇంగ ఆదివారం ఏ పనీ లేకుండా చప్పుడు ఇనేదానికి మా తాత బుల్లెట్టు."

మొదట్లో రాజశ్రీకి ఇదంతా ముచ్చటగానే ఉండేది. తాగుడు లేదు, పేకాట లేదు, ఉన్న పిచ్చి ఇదొక్కటే, పోనీలే అనుకుంది. ఎమ్మిగనూరులో వేరుశెనగ నూనె మిల్లు నడిపే ఆమె తండ్రి రంగనాయకులుకు కూడా అల్లుడు నచ్చాడు. మనిషి మెత్తన, మాట నెమ్మది, అంతకంటే ఏం కావాలి అన్నాడాయన.

ఒక సాయంత్రం మిద్దె మీద కూర్చుని ఆ ఐదు బండ్లూ ఎట్లా ఉంటాయోనని ఫోన్లో వెతికి చూసింది. ఆమె అవస్థ అక్కడ మొదలైంది. పొట్టి బండికి ఒక్కటే సీటు, దాని వెనక ఉత్త చక్రం. రేసు బండికి వెనక పిడకంత దిండు ఉంది గానీ, దాన్ని తీపించి మూత వేయిస్తానని సుధీర్ ముందే చెప్పి ఉన్నాడు. ఎత్తు బండికి వెనక కూర్చునేవాళ్లు కాళ్లు పెట్టుకునే కమ్మీలే లేవు. దూరాల బండికి వెనకంతా సామాను పెట్టెలు. తాత బుల్లెట్టుకైనా పొడుగు సీటు ఉంటుందిలే అనుకుని మాటల్లో మాటగా అడిగింది.

"దానికి స్ప్రింగుల సీటు చేపిస్తాండా, ఒంటిది," అన్నాడు సుధీర్ సంతోషంగా.

ఐదు బండ్లలోనూ ఐదు సీట్లే ఉన్నాయి, ఐదిట్లోనూ అతనే ఉన్నాడు. గోరంతను కొండంత చేసుకోవద్దని రాజశ్రీ తనకు తనే చెప్పుకుంది. మనసు చెప్పినట్టు వింటే మనుషులకు ఇన్ని తిప్పలెందుకు?

ఆ తర్వాతి ఆదివారం సుధీర్ ఎమ్మిగనూరుకు బండి మీదే వచ్చాడు. ఇప్పుడున్న ఆ బండికి కూడా వెనక సీటు లేదు, దాని చోట నల్లటి మూత బిగించి ఉంది. ఇద్దరూ బయటికి పోయి పండ్ల రసం తాగి రావడానికి పెద్దవాళ్లు ఒప్పుకున్నారు. రాజశ్రీ తయారై వీధిలోకి వచ్చేసరికి అతను ఒక ఆటోను ఆపి నిలబెట్టి ఉన్నాడు.

"నువ్వు దీంట్లో కూచో. నేను ఎనక వస్తా," అన్నాడు.

ఖాళీ ఆటోలో ఆమె ఒక్కతే కూర్చుంది. వెనక అతను బండి మీద వచ్చాడు. సోమప్ప సర్కిల్ దాకా అదే ఊరేగింపు. అద్దంలో డ్రైవరు నవ్వును ఆపుకోవడం ఆమెకు కనిపించింది. సిగ్గుతో ఆమె చెవులు కాలిపోయాయి. రసం తాగినంతసేపూ సుధీర్ ఎత్తు బండి టైర్ల గురించి చెప్పాడు. ఆమె గ్లాసు సగంలోనే వదిలేసింది.

ఊరన్నాక ఊరుకుంటుందా. మర్నాటికల్లా ఆమె స్నేహితురాలు నాగవేణి ఫోన్ చేసింది.

"ఏమే, మంత్రులకు పెట్టినట్ల నీకు ఎనక బందోబస్తు పెట్టినాడంట గదా మీ ఆయన?"

రాజశ్రీ నవ్వినట్టే నవ్వి ఫోన్ పెట్టేసింది. పెండ్లి పనులకని పెద్దకడుబూరు నుంచి వచ్చిన పెద్దమ్మ, అంటే ఆమె తల్లికి అక్క, అంతా వింటూనే అప్పడాల పిండి పిసుకుతోంది. ఆమె నవ్వలేదు.

"నవ్వులాట కాదమ్మా ఇది. ఎనక కూచోబెట్టుకునేదానికి మనసొప్పనోడు ఇంట్లో మాత్రం యాడ కూచోబెడతాడు? సరిగ్గా సూసుకో," అంది.

ఆ మాట ముల్లులా దిగింది. అడగందే అమ్మయినా అన్నం పెట్టదంటారు, నిజమే. కానీ నన్ను కూర్చోబెట్టుకోమని అడగడం ఎట్లా? అడిగి కూర్చుంటే అది అడుక్కున్న సీటే అవుతుంది. అడక్కుండా పెండ్లి చేసుకుంటే జన్మంతా ఆటోలో ముందు పోతూ ఉండాలి. ఇంకొకరితో చెప్పుకుందామా అంటే, కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుంది. ఆమెకు నిద్ర కరువైంది. ఇంత మెత్తగా మాట్లాడే మనిషికి తన మీద మనసే లేదేమో, పెద్దవాళ్ల మాట కాదనలేక తలాడించాడేమో అన్న అనుమానం రోజురోజుకూ గట్టిపడింది.

పెండ్లి పత్రికల నమూనా ఇంటికి వచ్చిన పొద్దున ఆమె తండ్రి ముందు నిలబడింది.

"అచ్చుకియ్యొద్దు నాయనా. ఒక్క దినం ఆగు. నేను ఆదోనికి పోయొచ్చి చెప్తా."

"ఎందుకమ్మా, ఏమైంది?" అన్నాడు రంగనాయకులు. మిల్లు చప్పుడుకు ఆయన చెవులు సగం పోయాయి. అరిచి చెప్పాలి. బండ్లకు వెనక సీట్లు లేవు నాయనా, అందుకని సంబంధం వద్దనుకుంటున్నా అని ఏ కూతురు అరిచి చెప్పగలదు? ఆమె కళ్లల్లో నీళ్లు చూసి ఆయన పత్రిక నమూనాను మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"సాయంత్రం లోపల చెప్పు. ప్రెస్సాయన ఈ పొద్దే అచ్చు ఎయ్యాల," అన్నాడు.

సుధీర్ తల్లి కన్యకమ్మ జాకెట్ల కొలతలకని ఎటూ రమ్మంటూనే ఉంది. ఆ వంక పెట్టుకుని రాజశ్రీ చీర కట్టుకుని బస్సెక్కింది. దారి పొడవునా అడగాల్సిన మాటను మనసులో కూర్చుకుంది, చెరిపేసింది, మళ్లీ కూర్చుకుంది. ఆదోని కొండలు కనబడేసరికి పదోసారి కూర్చుకుంటోంది.

కన్యకమ్మ ఆప్యాయంగా కాఫీ ఇచ్చింది. ఎండాకాలం కూడా కొంగును మెడ చుట్టూ తిప్పి కప్పుకునే మనిషి ఆమె. ఎప్పుడో మెడ మీద కాగే నూనె పడిందని సంబంధం కుదిరినప్పుడే చెప్పారు. కాఫీ సగం తాగీతాగకముందే సుధీర్ వచ్చి గోడౌను చూపిస్తానని తీసుకుపోయాడు. లోపల సున్నం కొట్టించాడు. నేల మీద సుద్దముక్కతో ఐదు గళ్లు గీసి ఉన్నాయి. ఏ గడిలో ఏ బండో చూపిస్తూ చిన్నపిల్లవాడిలా అటూ ఇటూ నడిచాడు.

రాజశ్రీ మూడో గడిలో నిలబడిపోయింది.

"ఈ ఐదిట్లో నేను యాడ కూచోవాల?" అని అడిగింది. కూర్చుకున్న మాటలన్నీ పోయి అదొక్కటే మిగిలింది.

సుధీర్ ముఖంలో నవ్వు ఆరిపోయింది. "నీకు మా నాయన కారుంది గదా," అన్నాడు.

"కారు మామది. నేను మీ గురించి అడుగుతాండా."

అతను చెప్పుతో సుద్దగీతను చెరిపాడు. ఏదో పని గుర్తొచ్చినట్టు బయటికి నడిచాడు. పోతున్న అతని వీపును ఆమె చూసింది. సరే, తేలిపోయింది అనుకుంది. తండ్రికి ఏం చెప్పాలో కూడా అనేసుకుంది. బ్యాగు తీసుకుని బస్టాండుకు పోదామని ఇంట్లోకి వచ్చింది.

వాకిలికి అడ్డంగా కన్యకమ్మ నిలబడి ఉంది. గోడౌనుకూ వంటింటికీ మధ్య ఒక కిటికీ ఉంది. ఆమె అంతా విన్నది.

"పోతే పోదువులే. ఇది చూసి పో," అంటూ కన్యకమ్మ మెడ చుట్టూ ఉన్న కొంగును విప్పింది. చెవి కింది నుంచి గొంతు దాకా తాడు బిగించినట్టు మాడిన మచ్చ.

"వాడు డిగ్రీలో ఉన్నెప్పుడు కొత్త బండి కొనిచ్చినాము. ఎనక చక్రానికి చీర చిక్కుకోకుండా ఇనుప జాలీ ఉంటాది చూడు, శారీ గార్డు. అది ఉంటే సంసారుల బండి మాదిరి ఉందని ఇప్పి పారేసినాడు. మొగపిల్లోళ్లు అందరూ ఇప్పేస్తారు. ఆలూరులో మా చెల్లెలింటికి పోతా నేను ఎనక కూచున్నా. కొంగు చక్రంలోకి పోయింది. అంతే నాకు గుర్తు."

"నూనె పడిందని చెప్పినారే?"

"చుట్టాలకు అట్లే చెప్పినాము, వానికి మాట రాగూడదని. ఆ పొద్దు నుంచి వాని ఎనక నేను కూచోలా, వాని చెల్లెలు కూచోలా, స్నేహితులు గూడ కూచోలా. నాకు ఆస్పత్రిలోనే ఊపిరి తిరిగిందమ్మా. వానికింకా తిరగలా."

రాజశ్రీ వాకిట్లోనే కూర్చుంది. మనసు లేదేమోనన్న భయం ఒక్కసారిగా దిగిపోయింది. వెంటనే కోపం వచ్చింది. టైర్ల గురించి అంతంతసేపు చెప్పిన మనిషికి ఈ ఒక్క మాట చెప్పడానికి నోరు రాలేదా? ఆ కోపం కూడా నిలవలేదు. పోయిన భయం జాగాలో ఇంకోటి వచ్చి కూర్చుంది. ఈ మనిషితో బతుకంటే రోజూ అతని భయంతో బతకడమే. అది తన చేతనవుతుందా?

ముంగిట్లో సుధీర్ చెల్లెలి స్కూటీ ఉంది. ఆ పిల్ల బెంగుళూరులో చదువుకుంటోంది. బండి మాత్రం ఇంట్లో అందరి పనులకూ తిరుగుతోంది. రాజశ్రీ దాన్ని కాసేపు చూసి లేచింది.

"అత్తా, తాళం ఇయ్యండి."

సుధీర్ వీధి గేటు దగ్గర మొహం అటు పెట్టి నిలబడి ఉన్నాడు. ఆమె స్కూటీని అతని పక్కకు తెచ్చి ఆపింది. కొంగు లాగి నడుములో గట్టిగా దోపుకుంది.

"కూచోండి," అంది. "మీరు ఎనక ఉంటే కొంగు మీకు కనపడతాంటుంది గదా."

అతను తల్లి వైపు చూశాడు. ఆమె మెడ మీద కొంగు లేకపోవడం చూశాడు.

"కూచోరా," అంది కన్యకమ్మ.

కూర్చున్నాడు. ఆమె హ్యాండ్‌బ్యాగును తన భుజానికి తగిలించుకున్నాడు. వేలాడుతున్న కొంగు కొసను ఎడమ పిడికిట్లో పట్టుకున్నాడు. స్కూటీ బజార్లోకి మలుపు తిరిగింది. అంగళ్లలో వాళ్లు తలలెత్తి చూశారు. పత్తి వ్యాపారి కొడుకు, బండ్ల పిచ్చోడు, కాబోయే పెండ్లాం వెనక బ్యాగు తగిలించుకుని కూర్చుని పోవడం వాళ్లకు మంచి కాలక్షేపం. సుధీర్ ఎవరినీ చూడలేదు. ప్రతి స్పీడు బ్రేకరుకూ "నిదానం, నిదానం" అంటూనే ఉన్నాడు. ఆమె కూడా బ్రేకు మీది నుంచి వేళ్లు తీయలేదు.

మార్కెట్ యార్డు దగ్గరికొచ్చేసరికి బ్యాగులో ఫోన్ మోగింది. సుధీర్ తీసి హలో అనేలోపలే అవతలి నుంచి రంగనాయకులు అరిచాడు. ఎవరు ఎత్తారో వినే అలవాటు ఆయనకు లేదు.

"అమ్మా, ప్రెస్సాయన ఈడే ఉన్నాడు. పత్రికలు అచ్చుకియ్యల్లా వద్దా? నీకిష్టం లేకుంటే ఇప్పుడే చెప్పు, వాళ్లకు నేనేదోటి చెప్పుకుంటా."

ఆ అరుపు రాజశ్రీకి కూడా సగం వినబడింది. నడుము దగ్గర కొంగు ఒక్కసారి బిగిసింది. ముందు పత్తి ట్రాక్టరు, పక్కన లారీ. వెనక్కి తిరిగి అతని ముఖం చూడటానికి లేదు.

"మీ నాయన," అన్నాడు సుధీర్. "అచ్చుకియ్యల్లా వద్దా అంటాండాడు."

ట్రాక్టరు కదిలింది. ఆమె దాని వెనకే నెమ్మదిగా పోనిచ్చింది.

"ఒకనాటికన్నా నన్ను ఎనక కూచోబెట్టుకుంటారా?" అని అడిగింది.

ఔనంటాడనుకుంది. ఇట్లాంటప్పుడు ఏ మగవాడైనా ఔననే అంటాడు.

"తెలీదు రాజీ," అన్నాడతను. "నిజంగా తెలీదు."

నిశ్చితార్థం అయిన ఈ నాలుగు నెలల్లో అతను బండ్ల గురించి కాకుండా తన గురించి చెప్పిన మొదటి మాట అది. ఆమెకు భయం తగ్గలేదు.

"ఇమ్మని చెప్పండి," అంది.

ఫోన్లో రంగనాయకులు అమ్మా, అమ్మా అని అరుస్తూనే ఉన్నాడు.

"మామా, నేను సుధీర్‌ని," అన్నాడు చివరికి. "ఇమ్మంటాంది."

ఫోన్ బ్యాగులో వేసుకున్నాక కూడా అతను పిడికిలి విప్పలేదు. కొంగు నడుముకు బిగుసుకుని ఆమెకు నొప్పి పెడుతూనే ఉంది. వదలమని ఆమె అనలేదు.