నడినెత్తి నుంచి మడమ దాకా

ఎనిమిదింటికి షాపు షట్టరు ఎత్తడం టైలరు మాస్టారి భార్య పని. ఎత్తగానే కుట్టుమిషనుకి రెండు చుక్కల నూనె వేసి, నిన్నటి దారప్పోగులు ఊడ్చి, గుమ్మం పక్క స్టూలు మీద కూర్చుని కాజాలు మొదలుపెడుతుంది. కొలతలు తీయడం, కత్తిరించడం మాస్టారివి. కాజాలు, హుక్కులు, అంచు కుట్లు ఆవిడవి. ముప్పై రెండేళ్లుగా ఇదే వరస. టేపు మాత్రం ఆయన మెడలోంచి ఎవరి చేతికీ వెళ్లదు. "కొలతకి ఒక్క చెయ్యే ఉండాలి" అంటాడాయన. ఆవిడ ఎన్నడూ ఎదురు చెప్పలేదు. కాజా ఒక్క నూలుపోగు పక్కకి పోయినా చొక్కా వంకరగా వేలాడుతుందని ఆవిడకి తెలుసు. ఆయనకీ తెలుసు గానీ పైకి అనడు.

బట్టలకని వచ్చేవాళ్లు పది దాటాక వస్తారు. పొద్దున్నే వచ్చేవాళ్లు నిద్ర కొలిపించుకోడానికి వస్తారు. టేపు భుజం మీద పెడితే భుజం కొలత వస్తుంది. అదే టేపు నడినెత్తి నుంచి వీపు మీదుగా మడమ దాకా వదిలితే రాత్రి పట్టిన నిద్ర ఎంతో వస్తుంది. ఎదిగిన మనిషికి నలభై అంగుళాలు ఉండాలి. ముప్పైకి తగ్గితే ఆ రోజు ఎక్కడో పప్పులో కాలేస్తాడు. పరీక్ష పేపర్లు దిద్దే రోజుల్లో బళ్లో లెక్కల టీచరు తప్పకుండా వస్తాడు. "ఇరవై తొమ్మిదేనా? అయితే ఇవాళ ఎవరికీ సున్నా వెయ్యకూడదు" అనుకుంటూ పోతాడు.

నాలుగు నెలల కిందట మాస్టారి పెద్దపేగులో క్యాన్సరుందని తేలింది. ఆపరేషను చేసి అడుగు పొడుగు పేగు తీసేసి, మిగిలిన రెండు కొసలూ కలిపి కుట్టారు. తెలివి రాగానే ఆయన అడిగిన మొదటి మాట, "డాక్టరుగారూ, సింగిల్ కుట్టా, డబుల్ కుట్టా?"

"నా ప్యాంటు కుట్టినప్పుడు నేనడిగానా మాస్టారూ?" అన్నాడు డాక్టరు.

అందరూ నవ్వారు. నవ్వితే మాస్టారికి పొట్ట మీది కుట్లు లాగాయి. అప్పట్నుంచి ఆయన కాస్త ముందుకు వంగే నడుస్తున్నాడు.

మొన్నటి పరీక్షల్లో జబ్బు ఆనవాలు ఎక్కడా లేదన్నారు. ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది. నిద్ర ఒక్కటే దారికి రాలేదు. మొదట్లో కొత్తగా అతికిన పేగు రాత్రికి నాలుగుసార్లు లేపేది. అది కుదుటపడ్డాక భయం పట్టుకుంది. అటు తిరిగి పడుకుంటే లోపల కుట్టు పిగిలిపోదు కదా అని. పది రోజులకని ఆసుపత్రిలో ఇచ్చిన నిద్రమాత్ర, చుట్టపుచూపుగా వచ్చి తిష్ఠ వేసిన బావమరిదిలా ఇంట్లోనే ఉండిపోయింది. పొద్దున్నే భార్య షట్టరు ఎత్తుతుంటే ఆయన లోపలి గదిలో తలుపు మూసుకుని తన నిద్ర తానే కొలుచుకునేవాడు. ఇరవై ఏడు. మర్నాడూ ఇరవై ఏడే. ఆ అంకె చూసి ఎవరికీ చెప్పకుండా ఒక మాత్రని ఒకటిన్నర చేశాడు. దాంతో మధ్యాహ్నం దాకా తల దిమ్మెక్కి ఉండేది. రెండుసార్లు గడప దగ్గర తూలాడు.

ఒకరోజు భార్య లెక్కల టీచరు కోటు చేతులకి లోపలి అస్తరు కుడుతూ ఆగిపోయింది.

"ఏమండీ, టీచరుగారికి కుడి చెయ్యి లేదా?"

"అదేం మాట?"

"మరి రెండూ ఎడమ చేతులే కత్తిరించారు."

ఆయన ఆ రెండు ముక్కలూ బల్ల మీద పరిచి చాలాసేపు చూశాడు. పని నేర్చుకున్న మొదటి ఏడాది కూడా ఆ తప్పు చెయ్యలేదు. కత్తెర తీసి అరలో పెట్టేశాడు. అప్పుడు ఏడుపొచ్చింది ఆయనకి, క్యాన్సరని చెప్పిన రోజున కూడా రాని ఏడుపు. ఒకటిన్నర సంగతి ఆ ఏడుపులోనే బయటపడింది.

ఇద్దరూ ఆసుపత్రికి వెళ్లారు. ఆపరేషనైన వాళ్లని చూసుకునే నర్సమ్మ మాత్రల అట్ట చేతిలోకి తీసుకుని మొహం చిట్లించింది.

"పది రోజుల మందు నాలుగు నెలలు వాడి, పైగా మీ అంతట మీరే పెంచుకున్నారా? తూలి పడితే ఏం కావాలి మాస్టారూ?"

"ఏం చెయ్యను తల్లీ? ఇరవై ఏడు దాటట్లేదు."

మాస్టారి టేపు మాట అక్కడా చెల్లుతుంది. నర్సమ్మ లోపలికి వెళ్లి డాక్టరుని అడిగి వచ్చింది. "ఈ వారం ఒక్కటే వేసుకోండి, అంతకు మించొద్దు. సోమవారం కొలత తీసుకుని రండి. అప్పటికీ ఇంతే ఉంటే ఇంకా గట్టి మందు రాయాల్సి వస్తుందంటున్నారు. నాకైతే ఇష్టం లేదు. అది వేసుకుంటే ఇక కత్తెర పట్టనివ్వరు."

వారమంతా మాస్టారు ఒక్క మాత్రే వేసుకున్నాడు. సోమవారం ఆసుపత్రికి వెళ్లాలి కాబట్టి షట్టరు ఎత్తలేదు. ఆవిడ టిఫిను సర్దుతూ లోపలి గదిలోకి తొంగి చూసింది. ఆయన టేపు కొస మడమ కింద తొక్కిపెట్టి, రెండో కొస నెత్తి మీద పట్టుకుని, అంకె కనపడ్డం కోసం వంగాడు. పొట్ట లాగకుండా ఇంకాస్త వంగాడు. వీపు మీద టేపు వదులై ఉయ్యాలలా వేలాడింది.

"ఇరవై ఏడు" అన్నాడు నీరసంగా.

"ఏమండీ, కొలతకి వచ్చినవాళ్లకి మీరు మొట్టమొదట ఏం చెప్తారు?"

"నిటారుగా నిలబడమంటాను."

"మరి మీరో?"

ఆయన వంగిన నడుం మీద చెయ్యి వేసుకున్నాడు.

"ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందట. ఇలా ఇవ్వండి టేపు."

"నీకేం తెలుసని?"

"ముప్పై రెండేళ్లు పక్కన కూర్చున్నాను. నిలబడండి. ఏమీ ఊడిపోదు, డబుల్ కుట్టే వేసుంటారు."

ఆయన మెల్లగా, గోడ పట్టుకుని, నాలుగు నెలల తర్వాత మొదటిసారి నిటారుగా నిలబడ్డాడు. లోపల ఏదీ తెగలేదు. ఆవిడ టేపు వదిలి, మోకాళ్ల మీద కూర్చుని, కళ్లజోడు సర్దుకుని చదివింది.

"ముప్పై ఎనిమిది."

"మళ్లీ చూడు."

"మళ్లీ ముప్పై ఎనిమిదే."

ఆసుపత్రిలో అది విని నర్సమ్మ పెద్దగా నవ్వింది. "మీకు నిద్ర పడుతోంది మాస్టారూ, పట్టట్లేదన్న భయమే మింగేస్తోంది. ఇక పెంచేది లేదు, దించడమే. కానీ ఒక్కసారిగా మానకూడదు, మెట్టు మెట్టుగా దిగాలి." వారం వారం ఎంత తగ్గించాలో డాక్టరుని అడిగి కాగితం మీద రాసిచ్చింది. సగానికి దిగిన మర్నాడు కొలత ముప్పై మూడు వచ్చి మాస్టారు హడలిపోయాడు. "వారం ఆగండి" అంది భార్య. వారానికి ముప్పై ఏడయింది. పావుకి దిగినా అంతే ఉంది. ఆ తర్వాత ఏమీ వేసుకోని రాత్రులు రెండు, మూడు, పది గడిచాయి. పదకొండో రోజు పొద్దున ఆవిడ టేపు చూసి, "నలభై" అంది. ఆ అంకె చెప్తూనే ఆవలించింది.

ఆ ఆవలింత చూసి మాస్టారికి ఏదో తట్టింది.

"నువ్విలా నిలబడు."

"నాకెందుకండీ? బోలెడు కాజాలున్నాయి."

"నిలబడవే."

టేపు వదిలి చూశాడు. పంతొమ్మిది. నమ్మలేక ఇంకోసారి వదిలాడు. పంతొమ్మిదే. ఆయన మాత్ర వేసుకుని పడుకున్న అన్ని రాత్రులూ, మానేశాక కూడా, ఊపిరి ఆడుతోందో లేదో అని ఆవిడ చెవి ఒగ్గి కూర్చుందని అప్పుడు తెలిసింది. ఊరందరిదీ కొలిచిన ఆ టేపు పక్కనున్న మనిషి దగ్గరికి ఒక్కసారీ రాలేదు. ఆయనకి సిగ్గేసింది.

"ఇక నాకేం కాదు. నువ్వు పడుకో" అన్నాడు.

అస్తరు బట్టల మూట మీద తల వాల్చిన ఆవిడ నిమిషంలో ఆదమరిచి నిద్రపోయింది. ఆయన షట్టరు సగానికి దించి, అర తీసి, కత్తెర పట్టుకుని, టీచరు కోటుకి కుడి చెయ్యి కత్తిరించాడు. తర్వాత స్టూలు మీద కూర్చుని కాజా మొదలుపెట్టాడు. మొదటిది వంకరపోయింది. విప్పి మళ్లీ కుట్టాడు.

పదింటికి లెక్కల టీచరు షట్టరు కింద నుంచి వంగి చూశాడు. "మాస్టారూ, నా కోటు..."

మాస్టారు వేలు పెదవుల మీద పెట్టుకున్నాడు.

"సాయంత్రం రండి బాబూ. లోపల కొలత పెరుగుతోంది."

టీచరు తలూపి, చెప్పులు చేతిలో పట్టుకుని, చప్పుడు చెయ్యకుండా మెట్లు దిగాడు.