ఆఖరి మడి దాకా

ఉమారాణి అల్లరి చేయని రోజే దేవేందర్‌కు భయం. ఆ పొద్దున ఎల్లారెడ్డిలో వాళ్ల వాకిట్లో ఏడేళ్ల పిల్ల గోడ ఎక్కలేదు, మేకను తరమలేదు. పాలిపోయిన పెదవులతో గడప మీద కూర్చుని తన చెప్పులనే చూసుకుంటోంది. మూడు వారాలు నిండాయన్నమాట. తలసేమియా ఉన్న ఆ ఒంట్లో పోయినసారి ఎక్కించిన రక్తం అయిపోవచ్చింది.

"నా చిక్కుడు పందిరి ఊడగొట్టిన పిల్లేనా గిది? జెల్ది తోల్కపో దేవేందరూ," అంటూ పక్కింటి భూమక్క రొట్టెల మూట చేతిలో పెట్టింది. భార్య పద్మలత పోయిన ఈ మూడేళ్లలో ఆసుపత్రికి వెళ్లే ప్రతి పొద్దునా ఆమె పొయ్యి మీద తండ్రీకూతుళ్ల రొట్టెలు కాలుతూనే ఉన్నాయి. ఒక్కసారైనా అడగవలసిన అవసరం రాలేదు.

కామారెడ్డి బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. అయినా అతని మనసు కుదురుగా లేదు. పోయినసారి రక్తం సంచి సగం ఎక్కాక ఉమారాణి మంచం మీంచి దూకింది. సూది ఊడి, మిగతా సగం పారబోయాల్సి వచ్చింది. పిల్ల చేతుల్లో నరాలు దొరకడం కష్టమైపోతోందని, ఈసారి దొరికిన నరం రక్తం ఎక్కే నాలుగు గంటలూ నిలవాలని డాక్టరు గట్టిగా చెప్పాడు. కానీ రక్తం ఎక్కే కొద్దీ పిల్లకు హుషారు వస్తుంది. హుషారొస్తే కాళ్లు నిలవవు. అదీ చిక్కు.

ఆసుపత్రిలో నర్సు లిదియాకు మూడోసారికి నరం దొరికింది. గంట తిరిగేసరికి ఉమారాణి పెదవులకు రంగొచ్చింది. కాళ్లు మంచం అంచున ఊగసాగాయి.

"బాపూ, ఇగ దిగుత."

దేవేందర్ డిగ్రీ చదివి నిజాంసాగర్ కాలువ మీద లష్కరుగా చేస్తున్నాడు. తూముల దగ్గర ఉండి పొలాలకు వంతు ప్రకారం నీళ్లు వదలడం అతని పని. సెలవుల్లో పిల్ల కూడా కాలువ గట్టు మీద అతని వెంటే తిరుగుతుంది.

"దిగితె ఎట్ల? ఇయ్యాల నువ్వే లష్కరువు," అన్నాడు. "గా సంచి నిజాంసాగర్. గీ పైపు కాలువ. నీ కాలి బొటనవేలు ఆఖరి మడి. గక్కడికి నీళ్లందేదాక లష్కరు కదుల్తడా?"

"కదలడు. కదిల్తె రైతులు తిడ్తరు."

"మరి?"

ఉమారాణి సర్దుకుని కూర్చుని చుక్కలు లెక్కపెట్టడం మొదలెట్టింది. దేవేందర్ తేలిగ్గా ఊపిరి పీల్చుకుని, సీసాలో నీళ్లు పట్టడానికి వరండాలోకి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి లిదియా పైపు మీది చక్రం గబగబా బిగిస్తోంది.

"ఎవరు తిప్పిన్రు దీన్ని? గింత జోరుగ పోతె పిల్ల గుండె తట్టుకుంటదా అన్నా?"

"నేనే," అంది ఉమారాణి. "ఆఖరి మడికి అందుతలేదని జర తూము ఎత్తిన."

దేవేందర్ సీసా కింద పెట్టి మంచం దగ్గరికి వచ్చాడు. ఆట నేర్పింది తనే. లిదియా పిల్ల నాడి చూసింది, ఛాతీకి స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది.

"ఏం కాలే. ఎంటనే చూసిన," అంది చివరికి. సంగతంతా విన్నాక నవ్వు ఆపుకుంటూ అడిగింది: "ఏమమ్మా లష్కరూ, ఆర్డరు లేకుంట తూము ముడ్తరా?"

ఉమారాణి తండ్రి మొహంలోకి చూసింది.

"ముట్టరు బిడ్డా," అన్నాడు అతను. "ముడ్తె నా నౌకరి పోతది."

"ఆర్డరు ఎవరిస్తరు?"

"నేనిస్త," అంది లిదియా. "నేను కాలువ ఆఫీసుల ఇంజినీరు, ఏఈ మేడం అనుకో. చూసుడు, చెప్పుడు నీ పని. తిప్పుడు నా పని."

ఇక లిదియాకు తీరిక లేకపోయింది. "ఏఈ మేడం! నీళ్లు మెల్లగైనయ్!" "ఏఈ మేడం! నా మడి ఎండుతుంది!" వార్డంతా నవ్వులు. దేవేందర్ మాత్రం మంచం పక్క నుంచి మళ్లీ లేవలేదు. మూడో గంటలో పిల్ల గొంతు మారింది.

"మేడం, నీళ్లు బందైనయ్. నిజంగనే."

లిదియా పరుగున వచ్చింది. మణికట్టు మడతపడి చుక్కలు ఆగాయి. చెయ్యి మెల్లగా చాపి, కింద అట్ట పెట్టి కట్టింది. ఒక చుక్క, ఇంకో చుక్క, మళ్లీ వరసగా.

"గడ్డకట్టకముందే చెప్పినవ్. నరం బతికింది," అంటూ పిల్ల తల నిమిరింది.

సంచి ఖాళీ అయ్యింది. సూది తీశాక ఉమారాణి కాలి బొటనవేలు ఒకసారి ఆడించి చూసుకుని, "అందింది," అని మంచం దిగింది.

మర్నాడు పొద్దున దేవేందర్ చాయ్ వడపోస్తుంటే గోడ అవతల నుంచి భూమక్క కేకలు వినిపించాయి.

"దేవేందరూ! నీ బిడ్డ నల్లా ముట్టనిస్తలేదు! ఆర్డరు కావాల్నంట! నేను బిందె నింపుకోవాల్నా, వద్దా?"

"వస్తున్నక్కా," అన్నాడు. చాయ్ గ్లాసులో పోసుకుని, రెండు గుక్కలు తాగి, ఆ కేకలు ఇంకొంచెం విన్నాక లేచాడు.