తవ్వని నాలుగు బారలు

కాలవ గోడ కూలినప్పుడు మా అన్న శ్యాంసన్ నడుము దాకా మట్టిలో కూరుకుపోయాడు. చేతులతో మట్టి తోడి బయటికి లాగాం. కుడి తొడ విరిగింది. సూపర్‌వైజర్ హరిబాబు వచ్చి వంగి చూశాడు.

"ఈయన మన పనోడు కాదు. దారిన పోతా పడినాడు," అన్నాడు.

మాది త్రిపురాంతకం వైపు ముఠా. ఫైవ్‌జీ టవర్లకు కేబుల్ వేయడానికి రోడ్డు పక్కన కాలవ తవ్వుతున్నాం. అటు నుంచి దొనకొండ ముఠా తవ్వుకుంటూ వస్తోంది. మధ్యలో కలవాలి.

ఆ ముఠాను నేను చూడనే లేదు. అయినా కుళ్లిపోయేదాన్ని. వాళ్లకు మెత్తటి నేల, మాకు పలకరాయి. వాళ్లకు బూట్లు, మాకు హవాయి చెప్పులు. వాళ్ల మేస్త్రి ఇందు మగాళ్లను మించి గడ్డపార వేస్తుందట. హరిబాబు రోజూ చెప్పేవాడు. నేనూ మేస్త్రినే. ఆమె పేరు వింటే అన్నం సహించేది కాదు. గోడ బీటలిచ్చిందని అన్న ఆగితే, "ఆ ఇందు ముందు నా తల దించుతావా? దిగు," అన్నది నేనే.

రెండు రోజుల్లో గుంటూరులో ఆపరేషన్ జరగకపోతే కాలు దక్కదన్నాడు డాక్టరు. పనిలో తగిలిన దెబ్బేనని రాసిస్తే ఖర్చు బీమా భరిస్తుంది. హరిబాబు రాయలేదు. మేం పని ఆపేస్తే, మా వంతు కూడా తవ్వమని దొనకొండ ముఠాను పిలిచాడు.

మేమంతా అడ్డం వెళ్లాం. రెండు కాలవల మధ్య నాలుగు బారల నేలే మిగిలింది. వాళ్ల ముందు నిలబడ్డ ఆడమనిషే ఇందు అనుకుని, ముందుగా ఆమె కాళ్లు చూశాను. బూట్లు లేవు.

"దీవెనవి నువ్వేనా?" అందామె. "నీ పేరు చెప్పి ఈ హరిబాబు మా పానాలు తోడినాడు కదమ్మా. దీవెన ముఠాకి బూట్లిచ్చినాం, మీకన్నా రెండింతలు తవ్వుతాన్నారు, సిగ్గులేదా అనేటోడు."

నిజం చెప్పాలి. ఒక్క క్షణం గర్వమనిపించింది. తర్వాత అన్న కాలు గుర్తొచ్చింది. అన్నను దింపింది నేనేనన్న సంగతితో సహా అంతా చెప్పేశాను.

వాళ్ల ముఠాలో కొండయ్య ఒప్పుకోలేదు. "వాళ్లన్న కోసం మన పని పోగొట్టుకోవాల్నా?"

"మన కాలవ గోడకేమన్నా సిమెంటు పోసినారా మామా?" అంది ఇందు. కొండయ్య గడ్డపార కింద పెట్టాడు.

నలభై మందిమి ఆ నాలుగు బారల మీద కూర్చున్నాం. కేబుల్ లారీ నిలిచిపోయింది. మర్నాడే మార్కాపురంలో ఫైవ్‌జీ ప్రారంభం. హరిబాబు ఫోను మోగుతూనే ఉంది. బెదిరించాడు, బతిమాలాడు, చివరికి పోలీసులను పిలిచాడు. మేం కదలలేదు. మధ్యాహ్నానికి పైనుంచి తిట్లు పడ్డాయేమో, శ్యాంసన్ మా పనివాడేనని రాసి సంతకం పెట్టాడు. మా ముఠాలోని ఎజ్రా ఆ కాగితంతో బండి మీద ఆసుపత్రికి దూసుకుపోయాడు.

"ఇంకేంది, లేయండి," అన్నాడు హరిబాబు.

"ఇంకో గోడ కూలితే మళ్లీ తెలీదంటావు," అంది ఇందు. "మా అందరి పేర్లూ రాసియ్యి. అప్పుడు లేస్తాం."

ఎస్సై ఇందు రెక్క పట్టుకుని జీపెక్కించాడు. ఆమెనే ముందు ఎక్కించారు. నాకు మళ్లీ అదే కుళ్లు. పరుగెత్తి జీపు తలుపు పట్టుకున్నాను.

"ఆమెకన్నా ముందొచ్చి కూచున్నది నేను సార్. జరగమనండి."

ఇందు నవ్వి జరిగింది. వెనక కొండయ్య మా వాళ్లను తోసుకుంటూ వస్తున్నాడు, తను నాకన్నా పెద్దోడినని, ముందు తనని ఎక్కించమని. జీపు చుట్టూ నలభై మంది. డ్రైవరు ఇంజను ఆపేశాడు.