ఆపాల్సిన భాషలు

ఆదివారం పొద్దున్నే అబ్దుల్ ఖాదర్, ఆయన కూతురు షాహిస్తా వినుకొండ నుంచి బస్సులో, అడ్రసు కనుక్కుని మా ఇంటికి వచ్చారు. ఒక మిరప మొక్కను వేళ్ల మట్టి రాలకుండా గోనెపట్టాలో చుట్టి తెచ్చారు. మా వారు రామచంద్రమూర్తి పనిచేసే విత్తనాల కంపెనీ గింజే అది. నడుమెత్తు పెరిగింది, ఆకు నిగనిగలాడుతోంది. కాయలు మాత్రం వెతికితే రెండు.

“మా అమ్మాయి మూడుసార్లు మెయిల్ పెట్టిందండి. ఒక్కళ్లూ రాలేదు” అన్నాడు ఖాదర్. “తోట నిలబడి ఉండగా మీవాళ్లు చూస్తేనే నష్టం రాస్తారంట గదా. అందుకని పీక్కుండా అట్టాగే ఉంచా. కౌలు పొలం. ఆసామి ఇంక ఆగనంటున్నాడు.”

“ఫోన్ చెయ్యకపోయారా?” అన్నారు మా వారు.

“చేస్తే మెయిలే పెట్టమన్నారు సార్” అంది షాహిస్తా.

ఆ అమ్మాయి ఫోన్లో మెయిల్ చూపించింది. నాటిన తేదీ, సంచి మీది నంబరు, ఫొటోలు, అన్నీ ఉన్నాయి. చక్కటి తెలుగు. ఒక్క అక్షరదోషం లేదు. నేను వెతికాను కూడా.

“ఆ మెయిళ్లు చూసేది నేనేనమ్మా. నాకేం రాలేదే” అంటూ మా వారు లాప్‌టాప్ తెరిచారు. కాసేపటికి ఆయన చెయ్యి ఆగిపోయింది.

“ఏమిటండీ?” అన్నాను.

దసరా తర్వాత ఎవరో హెడ్డాఫీసు పేరుతో దొంగ మెయిల్ పంపారట. దాంతో ప్రతి బ్రాంచీలోనూ మెయిల్‌కు కట్టుదిట్టాలు పెట్టమన్నారు. ఏ ఫైళ్లు రానివ్వకూడదు, ఏ భాషల మెయిళ్లు ఆపాలి అని పెద్ద పట్టిక. తమ బ్రాంచీ పట్టికలో మా వారు ఇంగ్లీషు ఒక్కటి వదిలి తక్కిన అన్నిటికీ టిక్కులు పెట్టేశారు. చైనీసు, రష్యన్, అరబిక్, తెలుగు.

“తెలుగుకి కూడానా?”

“ఆఫీసుకు తెలుగులో ఎవరు రాస్తారులే అనుకున్నా.”

ఖాదర్ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. “అంటే తెలుగులో రాయటం తప్పయిందా అండీ?”

“సంచి మీదంతా తెలుగే ఉంది గదా నాన్నా, అందుకే రాశా” అంది షాహిస్తా.

ఆపిన మెయిళ్లు ఒక మూల పడి ఉంటాయి, నెల దాటితే చెరిగిపోతాయి. షాహిస్తా రాసిన వాటిలో చివరిదొక్కటే మిగిలింది. దాని పక్కన పర్చూరు నుంచి, పెదనందిపాడు నుంచి ఇంకెవరెవరివో. మా వారు తెలుగుకున్న టిక్కు తీసెయ్యబోయారు. రాలేదు. ఇక మార్చటానికి లేకుండా ఆ పట్టికకు హెడ్డాఫీసు తాళం వేసేసింది. ఆ ఉత్తరాన్నే పైకి పంపితే అక్కడా తెలుగని ఆగి, వెనక్కి వచ్చింది.

చివరికి షాహిస్తా చెబుతుంటే నేను ఇంగ్లీషులో టైపు చేశాను. అది వెళ్లింది.

“వెళ్లిందిగా, వస్తార్లే” అన్నారు మా వారు, ఎవరి ముఖమూ చూడకుండా.

“సాక్ష్యానికి ఉంచండమ్మా” అని ఖాదర్ మొక్కను వరండాలో పెట్టి వెళ్లాడు.

మర్నాడే జవాబు వచ్చింది. కాపు పడే రోజుల్లోనే ఫిర్యాదు అందాలట. ఇది గడువు దాటాక అందింది కనుక తోట చూడటం కుదరదట. మా వారు హెడ్డాఫీసుకు ఫోన్ చేశారు. రైతు ముందే పంపాడని చెప్పారు.

“పంపితే కాదు మూర్తిగారూ, అందాలి” అన్నారు అవతలివాళ్లు. స్పీకరులో నాకూ వినిపించింది. “అయినా పంపితే మధ్యలో ఆపిందెవరు?”

మా వారు “కనుక్కుని చెబుతాను సార్” అని పెట్టేశారు. ఆ తర్వాత కనుక్కోనూ లేదు, చెప్పనూ లేదు. ఆయనకు రిటైర్మెంటు దగ్గర్లో ఉంది. నేనూ రెట్టించలేదు.

సంగతి షాహిస్తాకు చెప్పే పని నాకు పడింది. ఫోన్లో వెనక నుంచి అదిలింపులు, గొర్రెల అరుపులు.

“పొద్దున్నే ఆసామి వాళ్లు తోటలోకి మందను దించారు ఆంటీ” అంది. “కాయ లేకపోయినా ఆకు బాగుంది గదా, ఇష్టంగా తింటన్నాయి.”

నేను చెప్పాల్సింది చెప్పాను. ఊఁ కొడుతూ విన్నది. పెట్టెయ్యబోతూ అడిగింది.

“నేను రాసిందాంట్లో తప్పులేం లేవుగా ఆంటీ?”

“ఒక్కటీ లేదమ్మా” అన్నాను.