పాటగాళ్లు దిగేదాకా ఆగండి

కాల్‌ఫీల్డ్‌లో యూదుల ప్రార్థనా మందిరమైన సినగాగ్‌లో శనివారం ప్రార్థన ముగిసిందంటే చాలు, జనమంతా తిండి పెట్టే హాల్లోకి వచ్చిపడేవారు. పాటగాళ్లు మాత్రం పై బాల్కనీలో పాడేటప్పుడు వేసుకునే పొడుగు గౌన్లు విప్పి తగిలించి, పాట ఎక్కడ తప్పిందో ఒకరినొకరు దెప్పుకుంటూ దిగేసరికి పళ్లాల్లో ఉల్లిపాయ ముక్కలే మిగిలేవి. వాళ్లెవరికీ జీతం లేదు. పాడించే ఇస్సీ పళ్ల డాక్టరు. అందరికన్నా మంద్రంగా, అడుగు గొంతుతో పాడే లాజర్ ప్లంబరు. లాజర్ భార్య బ్లూమాదే వంటగది పెత్తనం.

ఈసారి పెద్ద పండుగలు అయ్యాక అధ్యక్షుడు గెర్షన్ వంటగదిలోకి తొంగిచూశాడు.

"పాటగాళ్లకి ఏదైనా చెయ్యాలి బ్లూమా. పేరు చెక్కించి తలా ఒక జ్ఞాపిక ఇస్తే?"

"దాన్ని నంజుకు తింటారా?" అంది బ్లూమా. "ఈ శనివారం నాకొదిలెయ్. నువ్వు ఉపన్యాసం ఇవ్వకపోతే అదే పదివేలు."

శనివారం పొయ్యి వెలిగించకూడదు గనక, శుక్రవారం పొద్దు వాలకముందే ఆమె వంటంతా ముగించింది. చేప ఉండలు, గుడ్డు తరుగు, నూడుల్స్‌తో చేసిన కుగెల్. మాంసం, చిక్కుడు గింజలు కలిపిన చోలెంట్ రాత్రంతా సన్నసెగ మీద మగ్గింది.

మర్నాడు జనం హాల్లోకి వచ్చేసరికి బ్లూమా బల్లలకి అడ్డంగా నిలబడి ఉంది.

"ఎవరూ చెయ్యి పెట్టకండి. పాటగాళ్లు దిగాలి."

దీవెన చదవడానికి ద్రాక్షారసం గ్లాసు అప్పటికే ఎత్తిన మతగురువు రబ్బీ ఆగిపోయాడు.

"మీరు కూడా, రబ్బీ గారూ."

ఆయన ఆమె ముఖం చూసి గ్లాసు దించేశాడు.

"నాకు షుగరుందే అమ్మాయ్!" అంది పెర్లా ఆంటీ. "కళ్లు తిరిగి పడ్డానంటే పాపం నీదే."

"మీకో బిస్కెట్టు దాచాను ఆంటీ, తీసుకోండి."

"ఒట్టి బిస్కెట్టేనా!"

వెనకనుంచి మెల్ గొణిగాడు: "పాడమని వాళ్లని ఎవరు బతిమాలారు? ఎవరి సరదా వాళ్లది."

బ్లూమాకి చురుక్కుమంది. "సరదానా? యోమ్ కిప్పూర్ ఉపవాసం నాడు మధ్యాహ్నం నువ్వు ఇంటికెళ్లి కునుకు తీసి వచ్చావు మెల్. నువ్వు వచ్చేసరికి వాళ్లు ఎండిపోయిన గొంతులతో పాడుతూనే ఉన్నారు."

హాలంతా గొల్లుమంది. మెల్ కూడా నవ్వేశాడు.

అంతలో మెట్ల మీద గొడవ వినబడింది. "తొందరపడింది నువ్వే." "నీ చెయ్యి ఎటు ఊగుతుందో నీకు తెలిస్తే కదా!" ముందుగా లాజర్ లోపలికొచ్చాడు. అందరూ నిలబడే ఉన్నారు, తిండి పెట్టింది పెట్టినట్టే ఉంది. అతని ముఖం పాలిపోయింది.

"ఏమైంది? ఎవరైనా పోయారా?"

"ఎవరూ పోలేదు," అంది బ్లూమా. "మీకోసమే ఆగారు."

పాటగాళ్లు పెళ్లిచూపులకొచ్చిన వాళ్లలా గుమ్మంలోనే బిగుసుకుపోయారు. "మీ గొంతులు చల్లగా ఉండాలి!" అన్నాడు రబ్బీ. ఆ మాటే హాలంతా అందుకుంది. ఆయన గ్లాసు ఎత్తి దీవెన చదవగానే గెర్షన్ స్వయంగా చేప ఉండలు వడ్డించాడు. మెల్ చోలెంట్ పళ్లెం తెచ్చి ఇస్సీ ముందు పెట్టాడు.

"ఇన్నేళ్లుగా వింటున్నా గానీ, లాజర్ గొంతేదో నాకు తెలీనే తెలీదు," అంది పెర్లా ఆంటీ.

"పాడుతున్నప్పుడు తెలీదు ఆంటీ," అన్నాడు ఇస్సీ నిండు నోటితో. "అతను ఆపితే తెలుస్తుంది. మా అందరి పాటా కూలబడుతుంది."

"అయితే ఒక్కణ్ణే పాడమను."

లాజర్ భార్య వంక చూశాడు. కానివ్వమన్నట్టు ఆమె తలూపింది.

అతను లేచి, ప్రార్థన చివర అందరూ పాడే పాటలో తన అడుగు వరసొక్కటే అందుకున్నాడు. ఇంట్లో స్నానాలగదిలో అది సాధన చేస్తుంటే గొట్టం మూలుగుతోందని బ్లూమా ఎన్నోసార్లు ఎగతాళి చేసింది. ఇప్పుడా గొంతు హాలంతా నిండి, బల్ల మీద ఆనించిన ఆమె అరచేతికి తగులుతోంది. ఒక చరణం కాగానే మిగతా పాటగాళ్లు కలిశారు, ఆ తర్వాత జనమంతా కలిశారు. అంతమందిలోనూ ఆమెకి ఆ ఒక్క గొంతే విడిగా వినబడుతోంది.

కొత్తగా చేరిన ఒకావిడ పక్కకి వంగి అడిగింది: "ఆయనెవరండీ?"

"మా ఆయన," అంది బ్లూమా, అడిగినావిడకే కాక చుట్టుపక్కల బల్లలన్నిటికీ వినబడేలా.